పాత క్యాసెట్లలోని ఇంటి గొంతులను కంప్యూటరులోకి ఎక్కించుకోవడం ఎలా: ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల అటకల మీదా, బీరువాల అడుగు అరల్లోనూ ఇప్పటికీ క్యాసెట్ల డబ్బాలు కనిపిస్తాయి. వాటిలో సగానికి పైగా సినిమా పాటలే ఉంటాయి. వాటి గురించి బెంగ పడనక్కర లేదు. ఆ పాటలు ఇంతకంటె మంచి ధ్వనితో మరొకచోట దొరుకుతాయి. అదే డబ్బాలో అట్ట మీద పెన్సిలుతో ఏదో గీసి ఉన్నవి, లేదా ఏమీ రాయకుండా వదిలేసినవి మరికొన్ని ఉంటాయి. రేడియో, టేపురికార్డరు కలిసిన టూ-ఇన్-వన్ ముందు కూర్చోబెట్టి నాయనమ్మచేత పాడించిన మంగళహారతులు, పెళ్లిలో ముత్తయిదువలు అందుకున్న నలుగు పాటలు, గుడి ముందు జరిగిన హరికథ, ఊరికి వచ్చిన జముకుల కథ, సూరత్ మిల్లులో పనికి వెళ్లిన కొడుకుకు ఇంటిల్లిపాదీ తలా ఒక మాటగా రికార్డు చేసి పంపిన కబుర్లు అలాంటివే. వీటికి రెండో ప్రతి ఎక్కడా లేదు. ఈ మార్గదర్శి ప్రధానంగా వీటి కోసమే.

మన ప్రాంతానికి ఈ పని మరింత అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పటి నుంచి ఇక్కడి పిల్లలు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు నేర్చుకుంటూ పెరిగారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడుగా పనిచేసింది, సవర భాషను పరిశోధించింది ఈ ఊళ్లోనే. ఇంటి తెలుగు, సంత తెలుగు, ఒడియా మాటలు కలిసిన తెలుగు మన పెద్దల నోట ఎలా పలికేవో ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ పలుకుబడి, ఆ దీర్ఘాలు, ఆ విరుపు ఉన్నది ఈ ఇనుప పొడి పూసిన ప్లాస్టిక్ రీలు మీదనే.

మొదటి అడుగు: ఏది ముందో తేల్చుకోవడం

డబ్బాలోని క్యాసెట్లన్నీ ఒక చాప మీద పరచి మూడు కుప్పలు చేయండి. ఇంట్లో రికార్డు చేసినవి మొదటి కుప్ప. స్థానిక కళాకారుల చేత పాడించి చిన్న చిన్న కంపెనీలు కొద్ది ప్రతులుగా విడుదల చేసిన భజనలు, హరికథలు, జానపద గీతాలు రెండోది. సినిమా పాటలు, పేరున్న కంపెనీల భక్తి గీతాలు మూడోది. మూడో కుప్పను పక్కన పెట్టేయండి. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. సినిమా పాటల క్యాసెట్టు మీదనే ఇంటి రికార్డింగు చేసుకోవడం ఆ రోజుల్లో మామూలు విషయం. అందుచేత వెనక అంచున ఉండే రెండు చిన్న చతురస్రాకారపు కన్నాల మీద కాగితమో, ప్లాస్టరో అంటించి ఉన్న కంపెనీ క్యాసెట్టు కనిపిస్తే దాన్ని మొదటి కుప్పలోకి మార్చండి. ఆ కన్నాలు మూసి ఉన్నాయంటే, దాని మీద ఎవరో మళ్లీ రికార్డు చేశారన్నమాట.

ఇంట్లో రికార్డు చేసిన వాటికి ఆ కన్నాల చోట ప్లాస్టిక్ రెక్కలు విరగకుండా ఉంటే, మరే పనీ మొదలుపెట్టక ముందే రెండింటినీ చిన్న స్క్రూడ్రైవరుతో విరిచేయండి. రెక్కలు లేని క్యాసెట్టులో రికార్డు మీట కిందికి దిగదు. పొరపాటున వేలు పడినా నాయనమ్మ గొంతు చెరిగిపోదు.

మొదటి కుప్పలో కూడా క్రమం ఉండాలి. ఈ లోకంలో లేనివారి గొంతు ఉన్న క్యాసెట్టు అన్నిటికంటె ముందు. దాని తరువాత, అందులో పాడినవారిని, మాట్లాడినవారిని గుర్తుపట్టగల పెద్దవారు ఇంకా మన మధ్య ఉన్న క్యాసెట్లు. క్యాసెట్టు ఇంకో అయిదేళ్లు ఆగవచ్చునేమో గాని, ఎనభై దాటిన మేనత్త జ్ఞాపకశక్తి ఆగకపోవచ్చు.

రెండో అడుగు: పరీక్ష, మరమ్మతు

క్యాసెట్టును పగటి వెలుతురులో కిటికీ దగ్గర పట్టుకొని, మధ్యనున్న అద్దం గుండా రీలు చుట్టను చూడండి. చుట్ట అంచు గోధుమ రంగులో నున్నగా మెరుస్తూ ఉంటే మంచిది. తెల్లటి పొడిలాగా, బూజు మచ్చల్లాగా కనిపిస్తే అది ఫంగస్. జూన్ నుంచి అక్టోబరు దాకా గోడలు చెమ్మ పట్టే మన ప్రాంతంలో ఇది చాలా సాధారణం. బూజు పట్టిన క్యాసెట్టును వెంటనే విడిగా పాలిథీన్ కవరులో పెట్టండి, ఎట్టి పరిస్థితుల్లోనూ యంత్రంలో పెట్టకండి. ఆ బూజు యంత్రానికి అంటుకొని, తరువాత పెట్టే ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. ఊపిరితిత్తులకు కూడా అది మంచిది కాదు కాబట్టి, శుభ్రం చేసేవారు ముక్కుకు మాస్కు కట్టుకొని ఆరుబయట కూర్చోవాలి. బూజు కొద్దిగా ఉంటే క్యాసెట్టు విప్పి చుట్ట అంచులను మెత్తటి పొడి గుడ్డతో తుడవవచ్చు. బాగా ముదిరి పొరలు అంటుకుపోయి ఉంటే ఇంట్లో ప్రయత్నించకుండా, ఆడియో భద్రపరచే వృత్తిలో ఉన్నవారికి అప్పగించడమే ఉత్తమం.

వరదలో తడిసిన క్యాసెట్ల సంగతి వేరే చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో ఎన్నో ఇళ్లు నీట మునిగాయి. అలాంటి ఆపద మళ్లీ వస్తే, తడిసిన క్యాసెట్లను ఎండలో ఆరబెట్టవద్దు, హెయిర్ డ్రయ్యరు పట్టవద్దు. బురద ఎండి గట్టిపడక ముందే క్యాసెట్టు విప్పి, చుట్టలను శుభ్రమైన డిస్టిల్డ్ వాటరులో మెల్లగా కడిగి, నీడలో గాలి తగిలేలా కొన్ని రోజులు ఆరనివ్వాలి. బ్యాటరీలో పోసే నీరుగా పెట్రోలు బంకుల్లో, ఆటో స్పేరు పార్టుల దుకాణాల్లో అది దొరుకుతుంది.

తరువాత చూడవలసినది, రీలు బయటికి కనిపించే అంచున మధ్యలో సన్నని రాగి రంగు రేకు మీద అంటించిన చిన్న ఫెల్టు ముక్క. రీలు మీది ధ్వనిని చదివే హెడ్‌కు రీలును ఒత్తి పట్టేది అదే. దాని జిగురు ఎండి ఊడిపోతే ధ్వని గోడ అవతల నుంచి వచ్చినట్టు మందగిస్తుంది. చాలామంది దాన్ని విని రీలు పాడైందనుకొని క్యాసెట్టు పారేస్తారు. అది తొందరపాటు. అయిదు స్క్రూలతో బిగించిన ఒక పనికిరాని క్యాసెట్టును తీసుకొని, దాని డొల్లలోకి మన రీలు చుట్టలు రెంటినీ మార్చి పెడితే సరిపోతుంది. స్క్రూలు లేకుండా జిగురుతో మూసిన క్యాసెట్టును కొనల్లో సన్నని బ్లేడు దూర్చి మెల్లగా విడదీయాలి. విడదీసిన డొల్లను మళ్లీ అంటించే పని పెట్టుకోకండి, ఎలాగూ కొత్త డొల్ల వాడతాము కదా.

రీలు తెగి ఉంటే అతకడానికి మామూలు సెల్లోటేపు పనికిరాదు. దాని జిగురు వేడికి కారి పక్క పొరలకు అంటుతుంది. క్యాసెట్టు రీలు వెడల్పుకు, అంటే 3.81 మిల్లీమీటర్లకు తగినట్టు తయారైన అతుకు టేపు ఇంటర్నెట్టులో దొరుకుతుంది. తెగిన రెండు కొనలనూ ఏటవాలుగా ఒకే కోణంలో కత్తిరించి, ఒకదానికొకటి తాకేలా పెట్టి, రీలు వెనుక వైపు అంటే హెడ్‌ను తాకని లోపలి వైపు మాత్రమే అతుకు వేయాలి.

చివరగా ఆరు పలకల పెన్సిలును చక్రం కన్నంలో దూర్చి చుట్ట స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో చూడండి. బిగుసుకుపోయి ఉంటే క్యాసెట్టును బల్లపరుపుగా అరచేతి మీద రెండు మూడు సార్లు తట్టితే పొరలు వదులవుతాయి. స్థితి బాగున్న క్యాసెట్టును ఒకసారి చివరి దాకా ముందుకు, మళ్లీ మొదటి దాకా వెనక్కి చుట్టిన తరువాతే వినాలి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న చుట్ట అప్పుడే సమంగా సర్దుకుంటుంది. 120 నిమిషాల క్యాసెట్లలో రీలు మందం సుమారు 9 మైక్రాన్లే కనుక వాటిని యంత్రం వేగంతో చుట్టకుండా పెన్సిలుతోనే చుట్టడం క్షేమం. వీలుంటే ఈ పని మొత్తాన్ని గాలి పొడిగా ఉండే డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో పెట్టుకోండి.

మూడో అడుగు: యంత్రాన్ని సిద్ధం చేసుకోవడం

ఆన్‌లైనులో చవకగా దొరికే, చేతిలో ఇమిడే యు.ఎస్.బి. క్యాసెట్ కన్వర్టర్లను నేను సిఫారసు చేయను. వాటిలో చక్రాలు తేలికగా ఉండటం వల్ల వేగం నిలకడగా ఉండదు, పాట వణుకుతుంది. ఇంట్లో ఉన్న పాత డెక్కునో, మంచి టూ-ఇన్-వన్‌నో బాగుచేయించుకోవడమే మేలు. బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, సరిహద్దు అవతల పాతపట్నంలోనో పాత రేడియోలు బాగుచేసే మెకానిక్ ఎవరైనా దొరుకుతారు. ఆయనను రెండే అడగండి: లోపల ఉన్న రబ్బరు బెల్టులు మార్చమని, రీలును లాగే నల్లటి రబ్బరు రోలరు గట్టిపడి ఉంటే దాన్నీ మార్చమని. క్యాసెట్టును నమిలేసే యంత్రాల్లో చాలావాటి జబ్బు ఈ రెంటిలో ఒకటే. బాగుచేయించిన యంత్రంలో ముందుగా మూడో కుప్పలోని ఏదో ఒక సినిమా పాటల క్యాసెట్టును రెండు వైపులా పూర్తిగా వేసి చూసుకోండి.

హెడ్‌ను, దాని పక్కన ఉండే సన్నని ఉక్కు కడ్డీని, చెవులు తుడుచుకొనే దూది ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచి తుడవాలి. ఇయర్‌బడ్ గోధుమ రంగుకు తిరుగుతుంది. కొత్త ఇయర్‌బడ్ తెల్లగా వచ్చేదాకా తుడవండి. రబ్బరు రోలరుకు మాత్రం ఆల్కహాలు వాడకుండా కొద్దిగా తడిపిన గుడ్డ చాలు. రెండు మూడు క్యాసెట్లకు ఒకసారి, పొడి రాలుతున్న రీలు అయితే ప్రతి వైపు తరువాతా ఈ శుద్ధి జరగాలి.

ఇప్పుడు చెప్పబోయేది ఈ మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది, ఎక్కువమంది వదిలేసేది. హెడ్ పక్కన స్ప్రింగుతో కూడిన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. ప్లే మీట నొక్కినప్పుడు చాలా యంత్రాల్లో మూత మీది చిన్న రంధ్రం గుండా అది అందుతుంది. హెడ్ రీలుకు సరిగ్గా లంబంగా నిలిచేలా సవరించేది ఆ స్క్రూయే. క్యాసెట్టు రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. ఆ వేగం దగ్గర 10,000 హెర్ట్జ్ ధ్వని తరంగం రీలు మీద 5 మైక్రాన్ల చోటు కూడా ఆక్రమించదు. అంత సన్నని గీతలను చదవవలసిన హెడ్ ఏ కొంచెం ఒరిగినా హెచ్చు స్థాయి ధ్వనులు మాయమవుతాయి. మీ ఇంటి టూ-ఇన్-వన్‌లో ఆ రోజున హెడ్ ఎంత ఒరిగి ఉందో అంతే ఒరుగుడుతో ఆ రికార్డింగు పడి ఉంటుంది. కనుక యంత్రం సక్రమంగా ఉన్నా, ఆ ఒక్క క్యాసెట్టు కోసం స్క్రూను సవరించవలసి రావచ్చు.

పద్ధతి ఇది. స్క్రూ ముందున్న స్థానాన్ని మార్కరుతో గుర్తు పెట్టుకోండి. అయస్కాంతం లేని స్క్రూడ్రైవరు తీసుకోండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, వీలుంటే ధ్వనిని మోనోలో, అంటే రెండు చానళ్లూ ఒకటిగా కలిపి వింటూ, స, శ, చ అక్షరాలు ఎక్కువగా పలికే చోటునో, చిడతలు, తాళాలు మోగే చోటునో ఎంచుకోండి. స్క్రూను చాలా మెల్లగా, పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పండి. ఒకచోట తాళాల మోత ఉన్నట్టుండి తెర తొలగినట్టు విచ్చుకుంటుంది. అది దాటితే మళ్లీ మసకబారుతుంది. ఆ విచ్చుకున్న చోటే ఆపండి. హరికథకుడి కాలి గజ్జెలు విడివిడిగా వినిపించడం, నాయనమ్మ “శ్రీ” అని అందుకున్నప్పుడు ఆ శకారం స్పష్టంగా తాకడం ఇక్కడే తేలుతుంది. రికార్డింగు అయిపోయాక కంప్యూటరులో ఎన్ని మీటలు నొక్కినా ఈ స్పష్టత తిరిగి రాదు, ఎందుకంటే హెడ్ చదవని ధ్వని కంప్యూటరు దాకా చేరనే చేరదు.

యంత్రం మీద బుసను తగ్గించే డాల్బీ మీట ఉంటే ఇంటి రికార్డింగులకు దాన్ని ఆపి ఉంచండి. టూ-ఇన్-వన్‌లలో ఆ సదుపాయం అరుదు. క్యాసెట్టు రకం మీట ‘నార్మల్’ దగ్గర ఉండాలి. మన ఇళ్లలో వాడినవి దాదాపు అన్నీ ఆ రకమే.

నాలుగో అడుగు: కంప్యూటరుకు కలపడం

డెక్కు వెనుక ఎరుపు, తెలుపు రంగుల్లో ‘లైన్ అవుట్’ రంధ్రాలు రెండుంటాయి. అక్కడి నుంచి తీగను ధ్వనిని కంప్యూటరుకు అందే అంకెలుగా మార్చే ఒక చిన్న యు.ఎస్.బి. ఆడియో ఇంటర్‌ఫేసులోకి, దాని నుంచి ల్యాప్‌టాప్‌లోకి కలపాలి. ల్యాప్‌టాప్ పక్కనున్న మైకు రంధ్రంలో నేరుగా దూర్చకండి. అది సాధారణంగా ఒకే చానలు తీసుకుంటుంది, పైగా మైకు కోసం ధ్వనిని పెంచుతుంది కాబట్టి పగిలిన శబ్దం వస్తుంది. టూ-ఇన్-వన్‌కు ఇయర్‌ఫోన్ రంధ్రం తప్ప వేరే దారి లేకపోతే అదే వాడండి. వాల్యూమ్ మూడో వంతు నుంచి సగం మధ్య, బాస్, ట్రెబుల్ నడిమి స్థానంలో ఉంచాలి.

గుయ్‌మనే సన్నని మోత వినిపిస్తే అది మన కరెంటుకు ఉన్న 50 హెర్ట్జ్ ధ్వని. ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు అది పోతుంది. సెల్‌ఫోన్లను మరో గదిలో పెట్టండి. కంప్యూటరులో నోటిఫికేషన్ల చప్పుళ్లను, ధ్వనిని తనంతట తాను ‘మెరుగుపరిచే’ సెట్టింగులను ఆపేయండి.

అయిదో అడుగు: రికార్డింగు, వినికిడి

ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఈ పనికి పూర్తిగా సరిపోతుంది. అందులో శాంపిల్ రేటు 48,000 హెర్ట్జ్, లోతు 24 బిట్లు పెట్టుకోండి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐ.ఎ.ఎస్.ఎ. కనీస ప్రమాణంగా సూచించేది కూడా ఇదే. ఈ లెక్కన స్టీరియోలో నిమిషానికి సుమారు 17 మెగాబైట్లు, 60 నిమిషాల క్యాసెట్టుకు ఇంచుమించు ఒక గిగాబైటు పడుతుంది. పాత రికార్డింగు మోనో అయినా రెండు చానళ్లూ తీసుకోండి. రీలు ఒక అంచు దెబ్బతిని ఉంటే రెండో చానలులో ధ్వని మెరుగ్గా ఉండవచ్చు, తరువాత ఎంచుకోవచ్చు.

స్థాయి పెట్టుకొనేటప్పుడు క్యాసెట్టులో అన్నిటికంటె పెద్ద శబ్దం వచ్చే చోటు వెతకండి. మన వైపు పెళ్లిళ్ల క్యాసెట్లలో తాళి కట్టే వేళ సన్నాయి, డోలు జోరందుకొని, వాటి మీద ఒడియా ఇరుగుపొరుగు ఆడవారు నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని హుళహుళి కలిసిన ఘట్టం అలాంటిది. అక్కడ కూడా సూచీ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ధ్వని కాస్త తక్కువగా ఉంటే తరువాత పెంచుకోవచ్చు. పరిమితి దాటి పగిలితే మాత్రం అతకలేము. ఒక వైపును మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఖాళీ ఉన్నా సరే, ఆపకుండా ఒకే ఫైలుగా తీసుకోవాలి. రీలు అయిపోయిందనుకున్న చోట, పాటకూ పాటకూ మధ్య, రికార్డరు ఆపడం మరిచిపోయిన క్షణాల్లో వచ్చిన మాటలు తరచు పాటకంటె విలువైనవి.

రికార్డింగు నడుస్తుండగా లేచి వెళ్లిపోవద్దు. ఆ ముప్పై, నలభై అయిదు నిమిషాలూ ఇంట్లోని పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకొని, నోటుపుస్తకం ముందు పెట్టుకొని వినండి. “పెద్దమ్మా, ఈ రెండో గొంతు ఎవరిది?” అని అడగండి. కంప్యూటరు తెరమీద కనిపించే సమయాన్ని రాసి, దాని పక్కన ఆమె చెప్పిన జవాబు రాయండి. పాడినవారి పేరు, వరస, పుట్టిల్లు, ఆ పాట ఏ సందర్భంలో పాడేవారు, వెనక ఏడుస్తున్న పసిబిడ్డ ఎవరు, అన్నీ రాయండి. ఆ బిడ్డ పుట్టిన సంవత్సరమే ఒక్కోసారి క్యాసెట్టు తేదీని తేల్చే ఆధారమవుతుంది. పెద్దవారు కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆ రోజుకు రాయడం ఆపేయండి, రికార్డింగు మాత్రం నడవనివ్వండి. వీలయితే ఆమె చెబుతున్న మాటలను కూడా ఫోనులో వేరుగా రికార్డు చేయండి. అది మరో ముప్పై ఏళ్లకు మీ పిల్లలు వెతుక్కొనే క్యాసెట్టు అవుతుంది.

ఆరో అడుగు: సవరణ, ఎంత వరకు?

కంప్యూటరులోకి వచ్చిన మొదటి ఫైలును, ధ్వనిని కుదించని వేవ్ (WAV) రూపంలో యథాతథంగా దాచండి. దాని మీద ఏ సవరణా చేయకూడదు. సవరణలన్నీ నకలు మీదనే.

వేగం సరిచేయడం తొలి పని. కరెంటు లేని ఊళ్లలో, కోతలు ఎక్కువగా ఉన్న రోజుల్లో టూ-ఇన్-వన్‌లు సెల్లుల మీద నడిచేవి. సెల్లులు నీరసించే కొద్దీ రీలు నెమ్మదిగా నడుస్తుంది, దాన్ని ఇప్పుడు మామూలు వేగంతో వేస్తే గొంతు కీచుగా, పాట వడిగా వినిపిస్తుంది. రికార్డింగులో హార్మోనియం ఉండి, అదే హార్మోనియం ఇంకా ఇంట్లో ఉంటే ఇంతకంటె మంచి కొలమానం లేదు. మెట్టు నొక్కి శ్రుతి సరిచూసుకొని, ఆడాసిటీలో వేగాన్నీ శ్రుతినీ కలిపి మార్చే ఎఫెక్టుతో అంత మేరకు తగ్గించండి. మొదట సరిగా ఉండి, చివరికి పోను పోను కీచుదనం పెరిగితే ‘స్లైడింగ్ స్ట్రెచ్’ అనే ఎఫెక్టు క్రమంగా మార్చడానికి పనికివస్తుంది.

రీలు బుసను తగ్గించడానికి ‘నాయిస్ రిడక్షన్’ ఉంది. ఎవరూ మాట్లాడని రెండు మూడు సెకన్ల చోటు ఎంచి దాన్ని నమూనాగా చూపించి, 6 డెసిబెల్స్ దాకా మాత్రమే తగ్గించండి. అంతకు మించి తగ్గిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. బుస ఉన్నా గొంతు గొంతులాగే ఉండాలని నా పట్టుదల. వెనక వినిపించే కాకి అరుపు, వీధిలో సైకిలు గంట, వంటింట్లో గిన్నెల చప్పుడు తీసేయవలసిన మలినాలు కావు, ఆ ఇంటివే. కరెంటు మోత కోసం 50, 100 హెర్ట్జ్ దగ్గర మాత్రం సన్నగా కోత వేయవచ్చు.

ఆపైన పాటపాటకూ లేబుల్ పెట్టి, ఒక్కొక్కటీ వేరే ఎంపీ3గా తీయండి. బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఆడియోగా కాక డాక్యుమెంటుగా పంపితే నాణ్యత చెడదు.

ఏడో అడుగు: పేరు పెట్టడం, రెండు లిపుల్లో రాయడం

ఫైలు పేరులో సంవత్సరం, విషయం, క్యాసెట్టు వైపు ఉండాలి: ‘1987, పెళ్లి పాటలు, ఎ సైడు’ అన్నట్టు. సంవత్సరం తెలియకపోతే ‘1990కి ముందు’ అని తెలిసినంతే రాయండి. క్యాసెట్టు అట్టకు రెండు వైపులా ఫోటో తీసి అదే ఫోల్డరులో పెట్టండి.

మీ నోటుపుస్తకంలోని వివరాలను కంప్యూటరులో టైపు చేసేటప్పుడు తెలుగు లిపిలోనూ, ఒడియా లిపిలోనూ రాయండి. ఒడియా మాధ్యమంలో చదువుకున్న మన పిల్లల్లో చాలామందికి ఇంటి తెలుగు చక్కగా వస్తుంది, అక్షరాలు మాత్రం రావు. తెలుగు లిపిలో ఒక్కదానిలోనే రాసిపెడితే, వింటే అర్థమయ్యే పాట కూడా ఎవరిదో తెలియకుండా వారికి మిగిలిపోతుంది. పాట సాహిత్యాన్ని కూడా తెలుగు పలుకులతోనే ఒడియా అక్షరాల్లో రాసి ఇస్తే, చూసి పాడుకోగలుగుతారు. నాకు ఈ పనిలో అన్నిటికంటె ఇష్టమైన భాగం ఇదే.

ఇతరులతో పంచుకొనే ముందు రెండు విషయాలు ఆలోచించాలి. ఇంటి కబుర్ల క్యాసెట్లలో ఆస్తి తగాదాలు, అలకలు కూడా ఉంటాయి. వాటిని కుటుంబం అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. హరికథ, జముకుల కథ వంటివి ప్రదర్శించిన కళాకారులు గాని, వారి వారసులు గాని దొరికితే అడిగి, ఒక ప్రతి వారికి ముందుగా ఇవ్వండి. చాలాసార్లు వారి దగ్గర తమ తండ్రిగారి గొంతు ఒక్క నిమిషమైనా ఉండదు. ఇక కంపెనీలు విడుదల చేసిన వాటికి మన దేశ చట్టం ప్రకారం ప్రచురణ తరువాత 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి, కనుక వాటిని ఇంటర్నెట్టులో పెట్టవద్దు.

ఎనిమిదో అడుగు: దాచడం

మూడు ప్రతులు ఉండాలి. ఒకటి కంప్యూటరులో, ఒకటి బయటి హార్డ్ డిస్కులో, మూడోది తప్పనిసరిగా వేరే ఊళ్లో. ఫైలిన్, తిత్లీ తుపానులను చూసిన తీరం మనది. ఒకే ఇంట్లో ఎన్ని ప్రతులున్నా అవి ఒక ప్రతి కిందే లెక్క. విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో, భువనేశ్వరులోనో ఉన్న తోబుట్టువుల ఇంట్లో ఒక హార్డ్ డిస్కు పెట్టండి. క్లౌడులో పెట్టుకున్నా మంచిదే. పెన్‌డ్రైవు పంచడానికే గాని దాచడానికి కాదు. ఏడాదికొకసారి, సంక్రాంతికో దసరాకో అందరూ కలిసినప్పుడు, ప్రతి డిస్కు నుంచీ రెండు మూడు ఫైళ్లు తెరిచి వినండి. ఏదైనా తెరుచుకోకపోతే మిగతా ప్రతుల నుంచి ఆ వారంలోనే నకలు చేయండి.

కంప్యూటరులోకి ఎక్కింది కదా అని అసలు క్యాసెట్లను పారేయకండి. ఇంతకంటె మంచి యంత్రం, ఇంతకంటె నేర్పరి చెయ్యి రేపు దొరకవచ్చు. ప్రతి క్యాసెట్టునూ ఒక వైపు చివరి దాకా చుట్టి, దాని పెట్టెలో పెట్టి, పుస్తకంలా నిలువుగా నిలపండి. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో సహా ఉంచి, పొట్లాలను వానాకాలానికి ముందు మార్చండి. రేకుల కప్పు కింది అటక వేడి, నేల మీది ట్రంకు పెట్టె చెమ్మ రెండూ చేటే, కాబట్టి బీరువాలో నడుమ అర సరైన చోటు. స్పీకర్ల పక్కన మాత్రం పెట్టవద్దు.

యంత్రం నుంచి సెల్లులు తీసేయండి, లేకపోతే అవి కారి లోపలి రేకులను తినేస్తాయి. నెలకొకసారి మూడో కుప్పలోని ఒక సినిమా పాటల క్యాసెట్టు వేసి పది నిమిషాలు నడపండి. వాడకుండా ఉంచితే బెల్టులు ఒకేచోట వంపు తిరిగి బిగుసుకుంటాయి. మీ పని పూర్తయ్యాక కూడా యంత్రం పనిచేసే స్థితిలో ఉంటే, వీధిలో మరో ఇంటి డబ్బాను కూడా అదే చలికాలంలో పూర్తి చేయవచ్చు.